ఫ్లాపైన సినిమా నచ్చింది, నా టేస్టు బాగోలేదా?

ప్రశ్న: నాకు ఇరవై నాలుగేళ్ళు. మాది గుంటూరు బ్రాడీపేట, ఉద్యోగం విజయవాడలో. రోజూ బస్సులో వెళ్ళొస్తాను. సినిమాలు, పుస్తకాలు, వీడియో గేములు మూడూ ఇష్టమే. చిక్కల్లా వాటి గురించి మాట్లాడాల్సి వచ్చినప్పుడే. ఈ మధ్య ఒక సినిమా చూసి బాగా నవ్వాను, ఏడ్చాను కూడా. మర్నాడు ఆఫీసులో నచ్చిందని చెబితే "అది డిజాస్టర్ కదే, నీ టేస్టు ఇంతేనా" అని లంచ్ అయ్యేదాకా ఆటపట్టించారు. అప్పట్నుంచి థియేటర్లోంచి బయటికి రాగానే ఫోన్ తీసి రేటింగులు చూస్తున్నాను. మూడు, ఆ పైన ఉంటే నచ్చిందంటాను, తగ్గితే యావరేజ్ అంటాను. పుస్తకాల సంగతి మరీ ఘోరం. చదివింది చెప్పబోతే "చాలా బాగుంది" తర్వాత మాట రాదు. గేముల పేరెత్తితే అమ్మ "ఇంకా చిన్నపిల్లవా" అంటుంది. నాకంటూ సొంత అభిప్రాయమే లేదేమోనని టెన్షన్‌గా ఉంది. అభిప్రాయం ఎలా చెప్పాలి? మీకు ఈ మధ్య ఏం నచ్చాయో కూడా రాయండి.
– గుంటూరు పాఠకురాలు

జవాబు: అంతగా నవ్వించి ఏడిపించిన ఆ సినిమా పేరు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. రాస్తే నేనూ నవ్వుతాననుకున్నారేమో! ఆఫీసులో నలుగురు కలిసి ఒక పూట చేసిన అల్లరి మిమ్మల్ని ఇంత దూరం తీసుకొచ్చింది. చీకట్లో కూచుని రెండున్నర గంటలు ఒక కథతో పాటు నడిచిన మనిషికి అభిప్రాయం లేదంటే నేను నమ్మను. ఉన్నదాన్ని దాచుకోవడం అలవాటవుతోంది మీకు, అంతే.

ముందు ఆ "డిజాస్టర్" సంగతి చూద్దాం. విజయవాడ గాంధీనగర్‌లో ఏళ్ళ తరబడి సినిమా డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసులున్నాయి. ఆ మాట పుట్టేది అలాంటి చోట. వాళ్ళ లెక్కలో తెలుగు నేలంతా నైజాం (అంటే తెలంగాణ), సీడెడ్ (రాయలసీమ), ఉత్తరాంధ్ర, ఈస్ట్, వెస్ట్, కృష్ణా, గుంటూరు, నెల్లూరు అని ఏరియాలుగా ఉంటుంది. ఒక్కో ఏరియా హక్కులు ఒక్కో రేటుకి కొంటారు. టికెట్ల డబ్బులోంచి పన్నులు, థియేటర్‌కి ఇవ్వాల్సింది పోగా మిగిలేది షేర్. ఆ షేర్ కొన్న రేటుని దాటితే హిట్టు, దాటకపోతే ఫ్లాపు, దాని దరిదాపులకి కూడా రాకపోతే డిజాస్టర్. అందుకే ఒకే సినిమా కృష్ణాలో గట్టెక్కి గుంటూరులో నష్టం తెచ్చిపెట్టొచ్చు. కృష్ణ మీది వారధికి ఇవతల బాగున్న సినిమా అవతలికి వచ్చేసరికి చెడిపోయిందని కాదుగా! మంచి సినిమానే ఎక్కువ రేటుకి కొని మునిగినవాళ్ళున్నారు, అంతంతమాత్రం సినిమాని చవగ్గా కొని బాగుపడ్డవాళ్ళూ ఉన్నారు. డబ్బు పోగొట్టుకున్నవాళ్ళ బాధ నిజమైనదే, కాదనను. కానీ మీరు కొన్నది టికెట్టు, గుంటూరు ఏరియా హక్కులు కాదు.

రేటింగులు ఇంకో రకం. వాటిని నేనూ చూస్తాను, టికెట్ కొనేముందు. శ్రద్ధగా సినిమా చూసి రాసేవాళ్ళు కొందరున్నారు, వాళ్ళ మీద నాకు గౌరవం. అయితే తొలిరోజు హడావిడి ఎలా ఉంటుందో మీకూ తెలుసు. అమెరికా ప్రీమియర్లు మనకి తెల్లవారేలోపే అయిపోతాయి. అక్కడ ఇంటర్వెల్ పడగానే ఇక్కడ ఫోన్లలోకి ఫస్టాఫ్ టాక్ దిగుతుంది. శుభం కార్డు పడీ పడకముందే సెకండాఫ్ ల్యాగ్ అని ఒకరు, బీజీఎం అదిరిందని ఇంకొకరు. ఎవరు ముందు చెబితే వాళ్ళకి వ్యూస్. ఆ తొందరలో వచ్చిన మాట టికెట్ కొనాలా వద్దా తేల్చుకోవడానికి పనికొస్తుందేమో గానీ, మీకు ఏమనిపించిందో దానికెలా తెలుస్తుంది? రెండుముప్పావుకీ మూడుకీ మధ్య ఉన్న ఆ పావు కోసం ఒక సాయంత్రం మొత్తాన్ని తాకట్టు పెడుతున్నారు మీరు.

ఒక పని చెయ్యండి. సినిమా చూసిన రాత్రి రివ్యూల జోలికి వెళ్ళకండి. మర్నాడు బస్సెక్కాక కూడా మంగళగిరి దాటేదాకా ఫోన్ సంచిలోనే ఉండనివ్వండి. కిటికీ పక్కన సీటు దొరికితే మరీ మంచిది. ఆ కాసేపట్లో ఏ సీను దానంతటది గుర్తొస్తుందో చూడండి. పట్టుబట్టి గుర్తు తెచ్చుకోవద్దు. ఆవకాయ కలిపిన రోజే రుచి చెప్పమంటే ఎవరు మాత్రం ఏం చెబుతారు, ఉప్పు ఉప్పుగా, కారం కారంగా తగులుతుంది. మర్నాటికి మీ దగ్గర మిగిలిన సీనే మీ అభిప్రాయానికి మొదలు. అది క్లైమాక్సే అవ్వక్కర్లేదు. ఇంటర్వెల్ బ్యాంగ్ అసలే అవ్వక్కర్లేదు.

నాకు ఈ మధ్య అలా మిగిలిపోయింది '35 – చిన్న కథ కాదు'. నందకిశోర్ ఈమాని తీసిన సినిమా, 2024లో వచ్చింది. నేను ఆలస్యంగా, ఇంట్లో చూశాను. తిరుపతిలో ఒక పిల్లాడు. సున్నాకి విలువే లేదంటున్నప్పుడు ఒకటి పక్కన పెడితే అది పది ఎలా అవుతుందని అడుగుతాడు. లెక్కల మాస్టారికి అది తలతిక్క ప్రశ్న. పిల్లల్ని పేర్లతో కాక మార్కులతో పిలిచే మాస్టారు ఆయన. ఇంతవరకూ కథ చెప్పి "అద్భుతంగా ఉంది" అన్నాననుకోండి, మీకేం తెలిసింది? ఏ యాప్‌లో చూసినా దొరికే నాలుగు ముక్కలే కదా.

నాకు మిగిలింది వేరు. పదో తరగతి గట్టెక్కని తల్లి, నివేదా థామస్ వేశారు ఆ పాత్ర, కొడుక్కి చెప్పడం కోసం తను లెక్కలు నేర్చుకోవడానికి కూచుంటుంది. మా తరంలో చదువు మధ్యలో ఆగిపోయి పెళ్ళయిన ఆడవాళ్ళు ఇంటింటికీ ఉండేవాళ్ళు. పిల్లాడు లెక్కల పుస్తకం పట్టుకుని దగ్గరికొస్తే "నాన్నగారినడుగు" అనేసి వంటింట్లోకి వెళ్ళిపోయేవాళ్ళు. మా పిన్ని అయితే అప్పుడే పొయ్యి మీద ఏదో మాడిపోతున్నట్టు పరిగెత్తేది. అలా వంటింట్లోకి వెళ్ళిపోకుండా పుస్తకం ముందు కూచున్న మనిషిని తెర మీద చూసేసరికి నాకు పిన్ని గుర్తొచ్చింది. నా అభిప్రాయం ఇంతే. కాస్త సాగదీసినట్టనిపించిన చోట్లు కూడా ఉన్నాయి, మాస్టారి కఠినత్వం మొదట్లో మోతాదు మించింది. అది కూడా చెబుతాను. నచ్చినదాంట్లో నచ్చని ముక్క కూడా చెబితే వినేవాళ్ళకి మీ మాట మీద గురి కుదురుతుంది.

పుస్తకం దగ్గర మీకు మాట రాకపోవడానికి కారణం, పుస్తకం మొత్తాన్ని ఒక్క వాక్యంలో ఇరికించాలని చూడటం. ఎవరి వల్లా కాదది. నేను ఈమధ్య సత్యం శంకరమంచి 'అమరావతి కథలు' మళ్ళీ తీశాను. మీ ఊరి నుంచి బస్సెక్కితే వచ్చే అమరావతే. వంద కథలు. వందింటి గురించి చెప్పమంటే నేనూ "చాలా బాగున్నాయి" అనే అంటాను. అందుకని 'వరద' ఒక్కటి తీసుకుంటాను. కృష్ణ పొంగి ఊళ్ళోకి వచ్చేస్తుంది. నీళ్ళు నడుముదాకా వచ్చాక పెద్దిల్లేదో పూరిల్లేదో, ఎవరు ఎవరి చేతి అన్నం తినొచ్చో తినకూడదో, ఆ లెక్కలన్నీ ఏమవుతాయన్నది కథ.

చాలా ఏళ్ళ కిందట చదివినప్పుడు మంచి కథ అనుకుని పేజీ తిప్పేశాను. ఈసారి చదివింది 2024 సెప్టెంబర్ తర్వాత. బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు మా బంధువులు అక్కడే ఇరుక్కుపోయారు. డాబా మీద నిలబడి పడవ వస్తుందేమోనని, పాల ప్యాకెట్టు అందుతుందేమోనని చూసిన రోజులవి. వాళ్ళ పక్క మేడవాళ్ళు మెట్ల గేటుకి ఎప్పుడూ తాళం వేసే ఉంచేవారట, పలకరింపు కూడా అంతంతమాత్రం. ఆ రోజు వాళ్ళే తాళం తీసి "పైకి రండి, పిల్లల్ని ముందు పంపండి" అన్నారట. ఒకే గిన్నెలో కలిపిన పులిహోర అందరూ తిన్నారు. నీళ్ళు తీసి, బురద కడుక్కున్నాక గేటుకి మళ్ళీ తాళం పడిందా అని అడిగితే మా బంధువు నవ్వి ఊరుకుంది. అది విన్న తర్వాత 'వరద' చదివితే పేజీ తిప్పడానికి చెయ్యి రాలేదు. పుస్తకం గురించి చెప్పమంటే ఇలా చెప్పొచ్చు. శైలి, శిల్పం లాంటి పెద్ద మాటలు రాకపోయినా నష్టం లేదు, వాటి పని వేరేవాళ్ళు చూసుకుంటారు.

అన్నట్టు ఆ కథలు వరసపెట్టి చదవకండి. చివర్లో మెలిక తిప్పి వదిలే పద్ధతి పదేపదే వస్తుంటే నాకు కొంచెం విసుగు పుట్టింది. అవి 'ఆంధ్రజ్యోతి' వారపత్రికలో వారం వారం వచ్చినవి, వారానికొకటి చదువుకోమని రాసినవి. రోజుకొకటి చాలు.

ఇక గేములు. మీ అమ్మగారిని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను, వీలైతే ఈ ముక్క ఆవిడకి చదివి వినిపించండి. 'వెణ్బా' అని ఒక గేముంది. కెనడాలోని టొరంటోలో ఉండే చిన్న బృందం తయారుచేసింది, 2023లో వచ్చింది. బ్రిటన్‌లో కొత్తవాళ్ళు చేసిన తొలి గేములకిచ్చే బాఫ్టా అవార్డు 2024లో దీనికే దక్కింది. ఇందులో తుపాకులు లేవు, పరుగులు లేవు. 1980ల్లో కెనడా వెళ్ళి స్థిరపడిన తమిళ కుటుంబం. ఆ ఇల్లాలి పేరే వెణ్బా. ఆమె దగ్గర తల్లి ఇచ్చిన వంటల పుస్తకం ఉంటుంది, దాంట్లో కొన్ని చోట్ల అక్షరాలు చెరిగిపోయి, కాగితం చిరిగిపోయి ఉంటుంది. చెరిగిపోయిన మెట్టు ఏమై ఉంటుందో ఊహించి వంట పూర్తి చెయ్యడమే మన పని. మొదటి వంట ఇడ్లీ.

నేను కంప్యూటర్ ముందు కూచుని ఇది ఆడుతుంటే భవానీపురం నుంచి మా అక్క వచ్చింది. ఈ వయసులో నీకిదేం పిచ్చే అంటూనే పక్కన కుర్చీ లాక్కుంది. తెర మీద ఇడ్లీ రేకులు, పిండి గిన్నె. రేకులు ఏ వరసలో పేర్చాలో తేల్చుకోవాలి. నా చెయ్యి కదిలేలోపే అక్క అందుకుంది: "పై రేకు కాస్త తిప్పి పెట్టవే. గుంట మీద గుంట వస్తే ఆవిరెలా ఆడుతుంది, మధ్యలోవి ఉడకవు." చూస్తుండగానే మౌస్ ఆమె చేతిలోకి పోయింది. తర్వాత వంటలన్నీ ఆమే చేసింది, నేను పక్కన కూచుని చూశాను. మధ్యలో కథ ముదురుతుంది. కొడుకు పెరిగి పెద్దవుతాడు, ఇంటి తిండి వద్దంటాడు, అమ్మ తన భాషలో అడిగితే ఇంగ్లీషులో జవాబిస్తాడు. మా అక్క కొడుకు డాలస్‌లో ఉంటాడు. మర్నాడు వాడికి ఫోన్ చేసి, నీ దగ్గర ఇడ్లీ రేకులున్నాయా, ఉంటే ఆఖరిసారి ఎప్పుడు వాడావు అని ఆరా తీసిందట. పాపం వాడికి ఈ విచారణ ఎందుకొచ్చిందో ఇప్పటికీ తెలియదు. గేములో లోపం చెప్పాలంటే, కూచున్న కూర్పులో అయిపోయింది, ఇంకో నాలుగు వంటలు ఉంటే బాగుండుననిపించింది.

పుణెవాళ్ళు చేసిన 'రాజీ' కూడా ఆడాను, అది 2020లో వచ్చింది. తమ్ముణ్ణి వెతుక్కుంటూ వెళ్ళే పిల్ల కథ. మధ్య మధ్య కథని తోలుబొమ్మలాటలా నీడలతో చెబుతారు, ఆ భాగం ముచ్చటేసింది. కొట్లాటలు నాకు రుచించలేదు, చివర కూడా సగంలో లేచిపోయినట్టు ముగించారు.

మీ అమ్మగారితో గేముల గొప్పతనం గురించి వాదన పెట్టుకోకండి. ఆవిడకి గేమంటే పబ్‌జీ. 2020లో ప్రభుత్వం దాన్ని నిషేధించినప్పుడు పేపర్లో, టీవీలో వచ్చిన వార్తలే ఆవిడ మనసులో ఉండి ఉంటాయి. ఒక ఆదివారం సాయంత్రం పక్కన కూచోబెట్టుకుని ఇడ్లీ మీద సలహా అడగండి, మిగతాది ఆవిడే చూసుకుంటారు. ఒకవేళ మీరు రాత్రి రెండింటిదాకా ఆడి, పొద్దున్నే బస్సు కోసం పరుగులు పెడుతుంటే మాత్రం నన్ను సాక్ష్యానికి పిలవకండి. నేను అమ్మగారి పక్షం.

ఆఫీసు సంగతి. ఈసారి ఎవరైనా "అది డిజాస్టర్ కదే" అంటే "అవును, డబ్బులు రాలేదు" అని ఒప్పేసుకోండి. ఒప్పేసుకున్నాక ఆటపట్టించడానికి అక్కడేమీ మిగలదు. తర్వాత మీకు నచ్చిన సీను చెప్పి "అది చూశావా, నీకేమనిపించింది" అని అడగండి. ఏడిపించేవాళ్ళలో సగం మంది సినిమా చూసే ఉండరు. చూడలేదన్నారా, క్యారేజీ విప్పి అన్నం తినడం మొదలుపెట్టండి. చూసి, నచ్చలేదన్నారా, ఎక్కడ నచ్చలేదో చెప్పమనండి, ఓపిగ్గా వినండి. నాకు ఈ అలవాటంతా అబ్బింది అలాంటి గొడవల్లోనే, అంతకంటే మంచి లంచ్ టైం ఉండదు. సినిమా చూడనివాళ్ళు పక్కనుంటే అడక్కుండా క్లైమాక్స్ చెప్పేయకండి, ఆ కోపం వేరుగా ఉంటుంది.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. మీకు తలనొప్పి తెప్పించిన మాస్ సినిమాకి పక్క సీటు కుర్రాడు కాగితాలు ఎగరేసి, గొంతు పోయేదాకా అరిచాడనుకోండి. అతనూ మీలాగే తనకి జరిగింది చెబుతున్నాడు. "ఇంతేనా నీ టేస్టు" అన్న మాట మీ నోట మాత్రం రానివ్వకండి. నవలలు చదివేవాళ్ళకి ఈ జబ్బు త్వరగా వస్తుంది.

ముద్రలు మారిపోతుంటాయి కూడా. 2010 అక్టోబర్‌లో 'ఖలేజా', నవంబర్‌లో 'ఆరెంజ్' వచ్చాయి. అప్పట్లో రెండూ ఆడలేదు. తర్వాత టీవీలో వచ్చినప్పుడల్లా చూసి 'ఖలేజా' డైలాగులు బట్టీ పట్టిన పిల్లలు తయారయ్యారు. 'ఆరెంజ్'ని 2023లో, 'ఖలేజా'ని 2025లో మళ్ళీ థియేటర్లలో వేస్తే పండగ చేసుకున్నారు జనం. ఇందులో నా లెక్క చెప్పమంటే, 'ఖలేజా'లో రాజస్థాన్ ఎడారిలో ఆ ట్యాక్సీ డ్రైవర్ నోటిదురుసుకి నేను అప్పుడూ నవ్వాను, ఇప్పుడూ నవ్వుతాను. 'ఆరెంజ్' పాటలు వింటాను గానీ సినిమా నాకు ఇప్పటికీ పూర్తిగా ఎక్కలేదు, థియేటర్ నిండా జనం కలిసి పాడినా సరే. మీ సినిమా కూడా పదిహేనేళ్ళకి గెలుస్తుందని నేను హామీ ఇవ్వను. గెలవకపోతే మాత్రం మీరు పెట్టిన కన్నీళ్ళు వెనక్కి తీసుకోవాలా ఏమిటి? రేపు మీరే మళ్ళీ చూసి, అబ్బే, అంత లేదనుకుంటే అదీ చెప్పండి, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

గుర్తుండదనుకుంటే పాత డైరీలో రెండు లైన్లు రాసుకోండి: ఏం చూశారు, ఎవరితో చూశారు, ఏ చోట కదిలారు. అది చాలు, మార్కులు వెయ్యకండి.

'అమరావతి కథలు' కావాలంటే ఆఫీసు అయ్యాక ఏలూరు రోడ్డు పుస్తకాల షాపుల్లో అడగండి. అక్కడ లేకపోతే లెనిన్ సెంటర్ పాత పుస్తకాలవాళ్ళ దగ్గర వెతకండి. జనవరి మొదట్లో వెళ్తే పుస్తక మహోత్సవంలో దొరకొచ్చు. బాపు బొమ్మలున్న ప్రతే తీసుకోండి, పది రూపాయలు ఎక్కువైనా పర్లేదు.